పొట్టలో నట్టలు, గడ్డిలో పిల్లలు

తొలకరి పడిన నెలన్నర, రెండు నెలలకు మేతకు కొదవ ఉండదు. గట్ల మీద, బీళ్లలో, చెరువు శిఖాల్లో లేతగడ్డి లేస్తుంది. ఎండాకాలమంతా మోళ్లు కొరికిన గొర్రెలు కడుపునిండా మేస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కొన్ని గొర్రెలు మందకు వెనకబడతాయి. మేస్తూనే ఉంటాయి, కానీ వెన్నుపూసలు చేతికి తగులుతుంటాయి. సాయంత్రానికి దవడ కింద మెత్తని వాపు కనిపిస్తుంది. ఒకనాడు పొద్దున దొడ్డి తడిక తీసేసరికి ఒకటి లేవదు. మేత లేని కాలంలో నిలబడిన జీవం మేత దొరికే కాలంలో ఎందుకు పడిపోతోంది?

చాలాసార్లు జవాబు నట్టలే. పశువుల పొట్టలోనూ పేగుల్లోనూ బతికే పరాన్నజీవి పురుగులన్నిటినీ మన కాపరులు ఈ పేరుతోనే పిలుస్తారు. పశుసంవర్ధక శాఖ చేపట్టేదీ నట్టల నివారణ కార్యక్రమమే. నట్టలతో పోరులో సగమే పొట్టలో జరుగుతుంది, మిగతా సగం మేత నేల మీద జరుగుతుంది. మందు మొదటి సగానికే పనికొస్తుంది. రెండో సగాన్ని మరిచిపోతే మొదటిదానిలోనూ ఓడిపోతాం. ఈ అధ్యాయం ఎందుకలా అన్నది వివరిస్తుంది.

జన్వాడ చుట్టూ ఉన్న నేల

ఈ పోరు ఎలా సాగుతుందో చూడటానికి జన్వాడను ఉదాహరణగా తీసుకుందాం. ఇది రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని ఊరు. 1920లో మూసీ మీద కట్టిన గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, ఇక్కడికి దగ్గరే. శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చే బుల్కాపూర్ నాలా ఈ ఊరి మీదుగా పోతుంది. దక్షిణాన ఈసీ నది మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఉంది. ఈ రెండు జలాశయాల నీటిని కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టారు. వాటిలో జన్వాడ ఒకటి. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాలు హైదరాబాద్‌కు కూరగాయలు, పూలు, పాలు పంపే నేల. గొల్ల, కురుమ కుటుంబాలు తరతరాలుగా జీవాలను మేపుకుంటూ వచ్చిన నేల కూడా.

తెలంగాణకు జీవాలు చిన్న విషయం కాదు. 2019 పశుగణనలో ఇక్కడి గొర్రెల లెక్క కోటీ 90 లక్షలు దాటింది, దేశంలో ఇదే మొదటి స్థానం. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు 75 శాతం సబ్సిడీతో ఇచ్చారు. పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చిన జీవాలవి. గొర్రె ఒక చోటి నుంచి ఇంకో చోటికి వస్తే దాని పొట్టలోని నట్టలూ వెంట వస్తాయన్న సంగతి దగ్గరికి తర్వాత వద్దాం.

నట్టలు పెరగడానికి కావలసినవి వెచ్చదనం, తడి, మేసే జీవం. పగటి వేడి 18 డిగ్రీలు దాటి, నెలకు 50 మిల్లీమీటర్లకు మించి వాన పడితే గొర్రెల్లో రక్తం పీల్చే నట్టలకు కాలం కలిసివచ్చినట్టేనని పరాన్నజీవి శాస్త్రంలో పాతకాలపు కొలత ఒకటి ఉంది. మన దగ్గర చలికాలపు మధ్యాహ్నం కూడా 18 డిగ్రీల కంటే వెచ్చగానే ఉంటుంది. కాబట్టి ఇక్కడ తీర్పు చెప్పేది వానే. ఏడాది వానలో ముప్పావు వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది గనుక నట్టల కాలమూ అదే.

రోజుకు ఎంత రక్తం?

జీవాలకు అన్నిటికంటే పెద్ద గండం హీమోంకస్ కంటార్టస్ అనే నట్ట. ఆడపురుగు రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. రక్తంతో నిండిన దాని పేగు చుట్టూ తెల్లని అండాశయాలు మెలిక తిరిగి ఉండటంతో ఎరుపు తెలుపు దారాలు పెనవేసినట్టు కనిపిస్తుంది. గొర్రెకున్న నాలుగు పొట్టల్లో చివరిది దీని నివాసం. నోట్లోని చిన్న కత్తిలాంటి పన్నుతో పొట్ట గోడను గీరి రక్తం తాగుతుంది.

ఒక్క పురుగు రోజుకు తీసుకునేది మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. వినడానికి లెక్కలోకి రాదు. కానీ పొట్టలో వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోతుంది. 30 కిలోల గొర్రె ఒంట్లో మొత్తం రక్తం దాదాపు రెండు లీటర్లు. అంటే పది రోజుల్లో నాలుగో వంతు. ఎముకల మజ్జ కొత్త రక్తం తయారుచేస్తూ కొంతకాలం నెట్టుకొస్తుంది. దానికి కావలసిన ఇనుము, మాంసకృత్తులు ఒంట్లో తరిగిపోయాక ఇక నెట్టుకురాలేదు.

పోయేది ఎర్రకణాలు మాత్రమే కాదు. రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తి కూడా పోతుంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేది అదే. అది తగ్గితే నీరు కండరాల మధ్యకు జారుతుంది. గొర్రె రోజంతా తలవంచి మేస్తుంది గనుక ఆ నీరు దవడ కింద చేరుతుంది. రాత్రి తలెత్తి పడుకుంటే కొంత తగ్గి, మళ్లీ సాయంత్రానికి కనిపిస్తుంది. ఈ వాపు కనిపించిందంటే నట్టలు వచ్చి చాలా రోజులైనట్టే.

కాపరి గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. నట్టలంటే పారుడు అని చాలామంది అనుకుంటారు. హీమోంకస్ ఒక్కటే ఉన్నప్పుడు పెంటికలు మామూలుగానే ఉండవచ్చు. పారుడు వస్తే చూద్దామని ఆగితే ఆలస్యమైపోతుంది. ఒక్కసారిగా వేలకు వేల లార్వాలు, అంటే పిల్లపురుగులు, మింగిన జీవం చిక్కకుండానే, చూడటానికి బలంగా ఉండగానే చనిపోవచ్చు. పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. తల్లికి రక్తం తగ్గితే పాలు తగ్గుతాయి, పాలు తగ్గితే పిల్ల ఎదగదు. అలా కళ్లకు కనిపించే చావుల వెనక, ఎదగని పిల్లలూ తూగని పొట్టేళ్లూ కనబడని నష్టంగా మిగులుతాయి.

గడ్డి మొన దాకా ప్రయాణం

ఒక ఆడ హీమోంకస్ రోజుకు 5,000 గుడ్లకు తక్కువ పెట్టదు. వెయ్యి పురుగుల్లో సగం ఆడవి అనుకుంటే ఒక్క గొర్రె పెంటికల్లో రోజుకు 25 లక్షల గుడ్లు నేల మీద పడతాయి. 50 గొర్రెల మందలో పది గొర్రెలకు ఆ స్థాయిలో నట్టలున్నా రెండున్నర కోట్లు.

గుడ్డు పొట్టలో పగలదు. దానికి గాలి, తడి, వెచ్చదనం కావాలి. మన వానాకాలంలో నాలుగు నుంచి ఏడు రోజుల్లో గుడ్డు పగిలి, లార్వా రెండుసార్లు పొర మార్చుకుని మూడో దశకు వస్తుంది. జీవానికి సోకగలిగేది ఈ మూడో దశ పిల్లపురుగే. పాత పొర దీని ఒంటి మీద అలాగే ఉండిపోతుంది. ఆ పొర ఎండ నుంచి కొంత కాపాడుతుంది, కానీ నోటిని కూడా మూసేస్తుంది. అంటే ఈ దశలో లార్వా ఏమీ తినలేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే బతకాలి. వేడి ఎక్కువైతే అది త్వరగా ఖర్చవుతుంది, లార్వా త్వరగా చస్తుంది. ఈ బలహీనత మన చేతిలోని పెద్ద ఆయుధం.

వాన తడిలోనూ పొద్దుటి మంచులోనూ గడ్డి మీద ఏర్పడే పలుచని నీటిపొరలో లార్వాలు పైకి పాకుతాయి. ఎక్కువ భాగం నేలకు నాలుగైదు సెంటీమీటర్ల లోపే ఉండిపోతాయి. గొర్రె నేలకు అంటుకున్నంత దగ్గరగా కొరుకుతుంది గనుక వాటిని మింగుతుంది. మేక తలెత్తి మేస్తుంది, తుమ్మ, రేగు కొమ్మలు అందుకుంటుంది గనుక తక్కువ మింగుతుంది. కానీ మేకను చెట్టూ పొదా లేని గడ్డినేలలో మేపితే గొర్రె కంటే ఎక్కువ దెబ్బతింటుంది. ఎత్తున మేసే జాతి కావడంతో నట్టలను తట్టుకునే శక్తి దానిలో అంతగా పెరగలేదు.

మింగిన లార్వా మూడు వారాల్లో పెద్దదై గుడ్లు పెడుతుంది. బయట ఒక వారం, లోపల మూడు వారాలు: నెలకు ఒక తరం. తొలకరితో మొదలైతే రెండు నెలలకు రెండు తరాలు గడిచిపోతాయి, ఒక్కో తరంలో గుడ్లు లక్షల్లో పెరుగుతాయి. మేత బాగున్న రోజుల్లోనే జీవాలు పడిపోవడానికి కారణం ఇదే.

మరి ఎండాకాలంలో నేలంతా ఎండినప్పుడు నట్టలు ఏమవుతాయి? గడ్డి మీది లార్వాలు చాలావరకు చస్తాయి. పొట్టలోకి చేరినవాటిలో కొన్ని ఎదగడం ఆపేసి, పొట్ట గోడలో నెలల తరబడి కదలకుండా ఉండిపోతాయి. అనువైన కాలం వచ్చాక మళ్లీ ఎదుగుతాయి. గొర్రె ఈనే రోజుల్లో దాని రోగనిరోధక శక్తి తగ్గుతుంది గనుక అప్పుడు గుడ్ల సంఖ్య పెరుగుతుంది. పుట్టిన పిల్ల గడ్డి కొరకడం నేర్చుకునేసరికి తల్లి పెంటికల నుంచి వచ్చిన లార్వాలు అక్కడ సిద్ధంగా ఉంటాయి.

దుడ్డెలు, చెరువు జలగలు, బోటి మీది గడ్డలు

పాడి ఇళ్లలో ముప్పు ఇంకో రూపంలో వస్తుంది. బర్రె దుడ్డెల పేగుల్లో టాక్సోకారా విట్యులోరమ్ అనే ఏలికపాము పెరుగుతుంది. ఆడది 30 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఇది గడ్డి ద్వారా రాదు, తల్లి పాల ద్వారా వస్తుంది. బర్రె మింగిన గుడ్ల నుంచి వచ్చిన లార్వాలు దాని కండరాల్లో, అవయవాల్లో నిద్రాణంగా ఉండి, ఈనే వేళకు పొదుగుకు చేరి పాలలోకి దిగుతాయి. మూడు నాలుగు వారాల దుడ్డెకు పొట్ట ఉబ్బి, బూడిదరంగులో వాసన కొట్టే పారుడు పడుతుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. పురుగులు ఉండకట్టి పేగును మూసేస్తే చచ్చిపోతుంది.

దీనికి ముర్రుపాలు మాన్పించడం పరిష్కారం కాదు. రోగాలను అడ్డుకునే రక్షక పదార్థాలు దుడ్డెకు అందేది ఆ పాలతోనే. పుట్టిన పదో రోజు నుంచి రెండు వారాల లోపు నట్టల మందు పట్టిస్తే పురుగులు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే పోతాయి. ఈ పనికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందు పైపరజీన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల వెలికితెచ్చిన ఫైలేరియా మందు డైఈథైల్‌కార్బమజీన్ కూడా ఈ రసాయన కుటుంబానిదే.

చెరువు శిఖాల్లో మేసే జీవాలకు పొట్టజలగల బెడద ఉంటుంది. వీటి పిల్లదశలు నీటి నత్తల్లో పెరుగుతాయి, బయటికొచ్చి గడ్డికి అంటుకుంటాయి. వానలు ఆగి చెరువు నీరు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడే పచ్చని పట్టీ మీద మేసిన జీవాలకు అవి సోకుతాయి. పెద్ద జలగ మొదటి పొట్టలో ఉండి అంతగా హాని చేయదు. పిల్లజలగలు చిన్నపేగు మొదట్లో గోడను తొలిచినప్పుడే నీళ్లలాంటి, దుర్వాసన కొట్టే పారుడు పట్టుకుంటుంది. పిల్లజలగ గుడ్లు పెట్టదు గనుక పెండ పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు ఎక్కడ మేపామో డాక్టరుకు చెప్పడం పరీక్షంత విలువైనది.

బోటి శుభ్రం చేసేవాళ్లకు పేగు మీద చిన్న చిన్న గట్టి గడ్డలు కనిపిస్తుంటాయి. అవి ఈసోఫాగోస్టోమమ్ అనే నట్ట లార్వాల చుట్టూ పేగు కట్టుకున్న గోడలు. గడ్డలు పెరిగిన పేగు తిన్నదాన్ని సరిగ్గా పీల్చుకోలేదు. ఇక గొర్రెపిల్లల పెంటికల మీద బియ్యపు గింజలంత తెల్లని ముక్కలు కనిపిస్తే అవి మోనీజియా అనే బద్దెపురుగువి. చూడటానికి భయం గొలిపినా, రక్తం తాగే నట్ట ముందు దాని హాని తక్కువ. కంటికి కనిపించే నట్టకు కంగారుపడి, కనిపించనిదాన్ని వదిలేయకూడదు.

మందుకు లొంగని నట్టలు

1961లో థయాబెండజోల్ వచ్చినప్పుడు నట్టల సమస్య తీరినట్టే అనిపించింది. 1964 నాటికే అమెరికాలో ఆ మందుకు లొంగని హీమోంకస్ బయటపడింది. జపాన్‌లో సతోషి ఒమురా మట్టి నుంచి వేరుచేసిన సూక్ష్మజీవి ఆధారంగా విలియం కాంప్‌బెల్ బృందం రూపొందించిన ఐవర్‌మెక్టిన్ 1981లో పశువులకు అందింది. వాళ్లిద్దరికీ 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికీ లొంగని నట్టలు ఇవాళ లోకమంతటా ఉన్నాయి. మన దేశమూ దీనికి మినహాయింపు కాదు.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మన తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. కోట్ల నట్టల్లో ఏ కొన్నిటికో పుట్టుకతోనే మందును తట్టుకునే గుణం ఉంటుంది. మందు పడగానే మిగతావి చస్తాయి, అవి మిగులుతాయి. తర్వాతి తరానికి తల్లిదండ్రులు అవే. మందు తగలని మామూలు నట్టలు గడ్డిలోనూ కొన్ని జీవాల్లోనూ మిగిలి ఉంటే, ఈ మొండివి వాటితో కలిసిపోయి పలచబడతాయి. గడ్డంతా ఎండిపోయి లార్వాలు లేని రోజుల్లో మందలోని ప్రతి జీవికీ మందు తాగిస్తే, ఆ తర్వాత నేల మీద పడే గుడ్లన్నీ మొండివాటివే. వానలకు ముందు మందు తాగించడం వల్ల లాభం ఉంది, పొట్ట గోడలో దాగినవి పోతాయి. కానీ బలంగా, కనురెప్ప లోపలి పొర ఎర్రగా ఉన్న కొన్ని జీవాలకు ఆ విడతలో మందు మానేయడం ముందుచూపు.

రెండో తప్పు కొలత. కంటితో బరువు అంచనా వేసి, చిన్నా పెద్దా అన్నిటికీ ఒకే మోతాదు పోస్తే పెద్దవాటికి తక్కువవుతుంది. సగం మోతాదు నట్టలను చంపదు, మొండివాటిని ఏరిపెడుతుంది. మేక ఒంట్లో మందు గొర్రెలో కంటే త్వరగా కరిగిపోతుంది, కాబట్టి గొర్రె మోతాదు దానికి చాలకపోవచ్చు. ఎంత పెంచాలో డాక్టరే చెప్పాలి. సూడి తొలి నెలలో అల్బెండజోల్ ఇవ్వకూడదు, పిండానికి హాని.

మూడోది పేరు మార్చి మందు మార్చామనుకోవడం. అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఒకే కుటుంబం. ఒకదానికి లొంగని నట్ట రెండోదానికీ లొంగకపోవచ్చు. లెవామిసోల్ వేరు, ఐవర్‌మెక్టిన్ వేరు, రక్తం తాగేవాటి మీద పనిచేసే క్లోజాంటెల్ వేరు. బయటి నుంచి కొన్న జీవాలను నేరుగా మందలో కలపకుండా, వేరుగా కట్టి, మందు తాగించి, పెంటికల పరీక్షలో గుడ్లు లేవని తేలాకే కలపాలి. మొండి నట్టలు ఊరు దాటి వచ్చేది కొన్న జీవాల వెంటే.

కనురెప్పలో రంగు, ఉప్పునీటిలో గుడ్డు

ఒక మందలోని నట్టల్లో 70, 80 శాతం దాకా పదింట రెండు మూడు జీవాల్లోనే ఉంటాయి. వాటిని పట్టుకోగలిగితే అన్నిటికీ మందు అక్కర్లేదు. దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990లలో దీనికి ఫమాచా అనే పద్ధతి తయారుచేశారు. కింది కనురెప్పను వేలితో కిందికి లాగి, లోపలి పొర రంగును ఐదు రంగుల అట్టతో పోల్చాలి. ఎర్రగా ఉంటే ఒకటి, కాగితంలా తెల్లబడితే ఐదు. మొదటి రెండింటికి మందు వద్దు, నాలుగు ఐదుకు తప్పనిసరి, మూడు ఉన్నవి పిల్లలో, సూడివో, చిక్కినవో అయితే ఇవ్వాలి. వానాకాలంలో రెండు వారాలకోసారి చూడాలి. రక్తం తాగే నట్టలకే ఈ పరీక్ష పనికొస్తుంది, పారుడు పెట్టే నట్టలనూ పిల్లజలగలనూ ఇది పట్టదు.

పెంటికల పరీక్ష కూడా కష్టమైనది కాదు. కొలిచిన పెంటికలను బాగా ఉప్పు కరిగించిన నీటిలో కలిపితే, నట్టల గుడ్లు తేలికగా ఉండి పైకి తేలుతాయి. గళ్లున్న గాజుపలక మీద సూక్ష్మదర్శినితో లెక్కిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని మెక్‌మాస్టర్ ప్రయోగశాలలో 1930లలో పుట్టిన పద్ధతి ఇది. మందుకు ముందు ఒకసారి, మందు తర్వాత పది పద్నాలుగు రోజులకు ఒకసారి లెక్కిస్తే, గుడ్లు 95 శాతం తగ్గాయో లేదో తేలుతుంది. తగ్గకపోతే ఆ మందలో ఆ మందు పని అయిపోతున్నట్టు.

మేపే తీరే మందు

పాత కాపరుల బతుకులో నట్టలకు అడ్డుకట్ట ఉండేది. మేత వెతుక్కుంటూ మందలు ఊళ్లు దాటి వెళ్లేవి. వదిలిన నేల కొన్ని వారాలు ఖాళీగా ఉండేది. ఆ లోపు తినలేని లార్వాలు ఎండకు, ఆకలికి చచ్చేవి. పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల్లో పరిశోధకులు ఇదే సూత్రాన్ని లెక్కగా పెట్టారు. మేత నేలను పది ముక్కలు చేసి, మేకలను ఒక్కో ముక్కలో మూడున్నర రోజులు మేపి, 35 రోజులకు మళ్లీ మొదటి ముక్కకు తెచ్చారు. గుడ్డు లార్వా అయ్యేలోపు మంద కదిలిపోతుంది, తిరిగొచ్చేలోపు లార్వాలు చాలావరకు చస్తాయి. మందు అవసరం బాగా తగ్గింది.

జన్వాడ, మోకిల, శంకర్‌పల్లి వైపు ఇప్పుడు పొలాల చుట్టూ ప్రహరీలు లేచాయి, ఫాంహౌస్‌లు, వెంచర్లు వచ్చాయి. మేత నేల తరిగితే మంద మిగిలిన గట్లకూ, శిఖం పట్టీలకూ రోజూ తిరిగి వస్తుంది. నిన్నటి పెంటికల మీదే నేడు మేస్తుంది. నట్టలకు ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు. భూమి ధర పెరిగిన చోట నట్టల మందు ఖర్చు కూడా పెరగడానికి ఇదొక కారణం కాగలదు.

ఉన్న నేలలోనే చేయగలిగినవి ఉన్నాయి. మంచు ఆరాక మందను వదలడం, పిల్లలకు మొదటి మేత శుభ్రమైన చోట ఇవ్వడం, శిఖం బురదలో కాకుండా తొట్టిలో నీళ్లు పెట్టడం, కోసిన గడ్డిని నేల మీద కాకుండా ఎత్తున కట్టి వేయడం. గొర్రెలు మేసిన చోట పెద్ద పశువులను మేపితే అవి మింగిన గొర్రె నట్టల లార్వాలు చాలావరకు వాటిలో ఎదగలేవు. దొడ్డి పెంటను కుప్పవేసి మాగనిస్తే ఆ వేడికి గుడ్లు చస్తాయి. పెండను మట్టిలోకి దించే పెండపురుగులు కూడా మన వైపే ఉన్నాయి. ఐవర్‌మెక్టిన్ పెండలో బయటికొచ్చి వాటి పిల్లలను చంపుతుంది, కాబట్టి అవసరం లేని మోతాదు రెండు వైపులా నష్టం.

ఇవన్నీ కాపరి ఒక్కడి మీద మోపడం న్యాయం కాదు. ఊరి ఉమ్మడి మేత నేల మిగిలి ఉంటేనే మందను మార్చి మార్చి మేపగలడు. మండలంలోని పశువైద్యశాలలో సూక్ష్మదర్శిని పనిచేస్తూ, పెంటికలు తెస్తే అదే రోజు లెక్క చెప్పే మనిషి ఉంటేనే ఎవరికి మందు వేయాలో తెలుస్తుంది. 1946 నుంచి పశువైద్యం నేర్పుతున్న రాజేంద్రనగర్ కళాశాల జన్వాడకు గంట దూరంలోనే ఉంది. ఏ మందుకు ఏ మండలంలో నట్టలు లొంగడం లేదో లెక్కగట్టి కాపరులకు చెప్పగల నేర్పు అక్కడ ఉంది. మందు సీసాలు పంచడంతో పాటు ఈ మూడూ అందిస్తే, గొర్రెలకు ఇచ్చే మందు వచ్చే తరానికి కూడా పనిచేస్తుంది.